టక్కు

ఎస్‌ఈ గారికి మనుషుల మీద కోపం లేదు. వాళ్లు టైముకి రారన్నదే కోపం.

కరెంటు శాఖలో సూపరింటెండింగ్ ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. పదవి పోయినా పిలుపు పోలేదు. మియాపూర్‌లోని ఆ అపార్ట్‌మెంటులో పాలబ్బాయి నుంచి అసోసియేషన్ ప్రెసిడెంటు దాకా అందరికీ ఆయన ఎస్‌ఈ గారే. ఫ్లాటు పై అంతస్తులో. దాని నెత్తిన డాబా మీద ఆయన మిద్దెతోట. కుండీలూ గ్రో బ్యాగులూ కలిపి నలభై. వంగ, బెండ, టమాటా, గోంగూర, రెండు మల్లె పొదలు, ఒక కరివేపాకు.

నీళ్లు పోసేది వాచ్‌మన్ భార్య యాదమ్మ. నెలకి ఐదు వందలు. పొద్దున ఆరింటికి రావాలని ఒప్పందం. ఆమె ఆరింటికీ వచ్చేది, ఏడింటికీ వచ్చేది. కింద సంపులోకి ట్యాంకరు వచ్చిన రోజు ఎనిమిది దాటేది. వచ్చిన టైముని ఎస్‌ఈ గారు క్యాలెండరు గడిలో రాసుకునేవారు. నెలాఖరున జీతం చేతిలో పెట్టే ముందు ఆ గడులన్నీ చదివి వినిపించేవారు. యాదమ్మ నిలబడి మొత్తం వినేది.

"ఎండెక్కాక పోసిన నీళ్లు మొక్కకి చేరవు. టైమంటే టైమే యాదమ్మా."

"ఫోను మా పిల్లగాని తాన ఉంటది సార్. నాకు టైమెట్ల తెలుస్తది?"

దానికి ఆయన దగ్గర జవాబు ఉండేది కాదు. వచ్చే నెల మళ్లీ చదివేవారు.

అలా ఉండగా అమెరికా ప్రయాణం వచ్చింది. ఫ్రిస్కోలో ఉన్న కోడలికి నెలలు నిండుతున్నాయి. ఏప్రిల్‌లో వెళ్లి సెప్టెంబరులో రావాలి. ఐదు నెలల జీతం యాదమ్మకి ముందే ఇచ్చి వెళ్దామంది ఆయన భార్య.

"ఎదురుగా కూర్చుంటేనే ఎనిమిదింటికి వస్తోంది," అన్నారు ఎస్‌ఈ గారు.

వారం తిరక్కుండా ఇంటికి హోస్ టైమర్ వచ్చింది. కుళాయి మూతికి బిగించే చిన్న పెట్టె. ముందు ఒక తెర, నాలుగు బటన్లు. ఎన్నింటికి విప్పాలో, ఎంతసేపు వదలాలో, ఎన్ని గంటలకోసారి వదలాలో చెబితే చాలు. లోపల రెండు పెన్సిల్ బ్యాటరీలు. వాల్వు తెరిచేటప్పుడొకసారి, మూసేటప్పుడొకసారి వాటిని వాడుకుంటుంది. మిగతా టైములో దానికి దాదాపు ఏమీ అక్కర్లేదు. ఇంత తక్కువ తిని ఇంత కచ్చితంగా పనిచేసేవాణ్ని ముప్ఫై ఏళ్ల సర్వీసులో చూడలేదన్నారు ఆయన.

ఇలాంటివి కొన్నవాళ్లు పెట్టె విప్పగానే లోపలి కాగితం పారేస్తారు. ఎస్‌ఈ గారు కాగితం చదివాకే పెట్టెలో చెయ్యి పెట్టారు. నీటి ఒత్తిడి కనీసం 0.5 బార్ ఉండాలని అందులో ఉంది. పెన్ను తీశారు. నిలువునా పది మీటర్ల నీళ్లుంటే ఒక బార్. డాబా మీది ట్యాంకులో నీటిమట్టం ఎంత నిండినా కుళాయి కంటే రెండు మీటర్లే ఎత్తు. అంటే 0.2.

అయినా ఒకసారి బిగించి చూశారు. లోపల టక్కుమంది. గొట్టంలోంచి చుక్క రాలేదు.

ఎందుకు రాదో భార్యకి వివరంగా చెప్పారు. వాల్వులో ఒక రబ్బరు పొర ఉంటుంది. బ్యాటరీ ఆ పొరని లేపదు. పక్కనున్న సన్నటి రంధ్రాన్ని మాత్రం తెరుస్తుంది. ఆ టక్కు దానిదే. పొరని ఎత్తాల్సింది నీళ్ల ఒత్తిడే. ఒత్తిడి చాలకపోతే చప్పుడొస్తుంది, నీళ్లు రావు. ఆవిడ పొయ్యి మీద పులుసు చూసుకుంటూ విని, మన ఆఫీసుల్లాగా అంది.

బూస్టర్ పంపు తెప్పించారు. అర హెచ్‌పీ. కుళాయి తెరుచుకుంటే తనంతట తాను తిరుగుతుంది, మూసుకుంటే ఆగుతుంది. దానికి కరెంటు అపార్ట్‌మెంటు మీటరు నుంచి తీసుకుంటానంటే అసోసియేషన్ ఒప్పుకోలేదు. వంగ చెట్టు ఎస్‌ఈ గారిది, బిల్లు అందరిదా అన్నారు. ఆయన రోషపడి తన ఫ్లాటు నుంచే పైకి వైరు లాగించారు.

పంపు నుంచి టైమరు, టైమరు నుంచి 16 మిల్లీమీటర్ల గొట్టం, దానికి ఒక్కో కుండీకి ఒక్కో సన్న గొట్టం, చివర గంటకి నాలుగు లీటర్లు వదిలే డ్రిప్పరు. నలభై కుండీలకి గంటకి 160 లీటర్లు. ఇరవై నిమిషాలకి 53. యాదమ్మ బకెట్లతో రోజుకి 120 పోసేదని ఆయన ఎప్పుడో లెక్కగట్టి పెట్టుకున్నారు.

టైమరు, పంపు, గొట్టాలు, ప్లంబరు కూలి కలిపి పన్నెండు వేలైంది.

"యాదమ్మ రెండేళ్ల జీతం," అంది భార్య.

"మూడో ఏడు నుంచి లాభమే కదా," అన్నారు ఎస్‌ఈ గారు.

ఈసారి టక్కుమనగానే పంపు గుర్రుమంది. నలభై కుండీల్లో నలభై చుక్కలు ఒక్కసారి మొదలయ్యాయి. ఇరవై నిమిషాలకి మళ్లీ టక్కుమని అన్నీ ఆగాయి. ఆయన మూడు రోజులు ఆరింటికి డాబా ఎక్కి, చేతి గడియారంతో సరిచూసుకున్నారు. ఒక్క నిమిషం తేడా లేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం యాదమ్మ డాబా ఊడ్వడానికి వచ్చి కుళాయి దగ్గర ఆగింది.

"గిదేంది సార్?"

"టైమర్. పొద్దున సరిగ్గా ఆరింటికి టక్కుమంటుంది. ఆరూ ఇరవైకి మళ్లీ టక్కుమంటుంది. ఇంక టైము గురించి నీకూ నాకూ గొడవ లేదు."

యాదమ్మ వంగి పెట్టెని చూసింది. కుండీల మధ్య పాకిన సన్న గొట్టాలని చూసింది.

"ఈ నల్ల వైర్లు కరెంటువా సార్?"

"వాటిని ముట్టుకోకు. అసలు దేన్నీ ముట్టుకోకు."

"సరే సార్."

ఆ నెలాఖరున జీతం ఇచ్చేశారు. మొదటిసారి క్యాలెండరు చదవలేదు. కాసిన కూరగాయలు కోసుకోమని భార్య యాదమ్మకి చెప్పింది. రాత్రి సూట్‌కేసులు సర్దుతూ, ఇంక నీళ్లకి రానక్కర్లేదని ఆమెతో చెప్పారా అని భర్తని అడిగింది.

"టైమర్ పెట్టామని చెప్పాగా," అన్నారాయన.

బయల్దేరే రోజు ఫ్రిజ్ ఖాళీ చేశారు. గ్యాస్ కట్టేశారు. కిటికీలన్నీ రెండుసార్లు చూశారు. చివరికి ఎస్‌ఈ గారు స్టూలెక్కి మెయిన్ ఆఫ్ చేశారు. ఇంటికి తాళం వేసి మెయిన్ ఆన్‌లో వదిలి వెళ్లేవాళ్ల గురించి ఆయనకి గట్టి అభిప్రాయాలున్నాయి. షార్ట్ సర్క్యూట్ అని పేపర్లో పడేవన్నీ వాళ్ల ఇళ్లేనంటారు.

"మరి మీ మిషన్‌కి కరెంటొద్దా?" అంది భార్య గడపలో.

ఆయన నవ్వారు.

"అది బ్యాటరీతో నడుస్తుంది."

ఫ్రిస్కోలో మనవరాలు పుట్టింది. ఇంట్లో అందరి నిద్రవేళలూ మారిపోయాయి. ఎస్‌ఈ గారి టైము ఒక్కటి మారలేదు. హైదరాబాదులో పొద్దున ఆరంటే అక్కడ ముందురోజు సాయంత్రం ఏడున్నర. ఏడున్నర కాగానే చేతి గడియారం చూసి "ఓపెన్" అనేవారు. ఏడూ యాభైకి "క్లోజ్" అనేవారు. భోజనాల మధ్యలో ఉన్నా అనేవారు. కొన్నాళ్లకి కొడుకు కూడా ఏడున్నరకి తలెత్తి తండ్రి వైపు చూడటం మొదలుపెట్టాడు. శని, ఆదివారాల్లో కొడుకు స్నేహితులు వచ్చేవారు. అందరూ తెలుగువాళ్లే, అందరి అమ్మానాన్నలకీ ఊళ్లో పెరళ్లున్నాయి. ఆయన వాళ్లకి బొమ్మ గీసి చూపించేవారు. బొమ్మలో ట్యాంకు ఉండేది, పంపు ఉండేది, టైమరు ఉండేది. గీయడం అయ్యాక చివర ఒకే మాట చెప్పేవారు.

"సిస్టంలో మనిషి ఉండకూడదు. ఉన్నాడా, అక్కడే ఫెయిలవుతుంది."

మేలో హైదరాబాదు ఎండ 42 దాటింది. పక్క ఫ్లాటాయన డాబా ఎక్కి ఫొటోలు పంపాడు. వంగ నిండా కాయలు. మల్లె విరగబూసింది. పక్కాయన సొంత కుండీల్లో పుదీనా కూడా మాడిపోయింది. ఎస్‌ఈ గారు ఫొటోలని కొడుకు టీవీలో పెద్దవి చేసి అందరికీ చూపించారు. మన యాదమ్మ కనబడిందా అని భార్య ఫోను లాక్కుని అడిగింది. మెట్ల మీద కనబడుతుంటుంది, బాగానే ఉందన్నాడు పక్కాయన.

ప్రతినెలా కరెంటు బిల్లు ఫోనుకి వచ్చేది. యూనిట్లు సున్నా. మినిమం ఛార్జీ కట్టి, బిల్లుని ఫొటోల పక్కనే దాచుకునేవారు. ఎర్రటి ఎండల్లో పచ్చటి తోట, ఒక్క యూనిట్ కాలలేదు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తే ఎవరికైనా ఇంకేం చెప్పక్కర్లేదని ఆయన నమ్మకం. ఎవరూ ఇంకేం అడగలేదు కూడా.

జులైలో మాత్రం ఒక దిగులు పట్టుకుంది. కొడుకు ఇంటిముందు పచ్చికలో స్ప్రింక్లర్లకి వాన పడితే ఆపేసే సెన్సరు ఉంది. తన టైమరుకి అది లేదు. వానకి ఆపే బటన్ ఉంది గానీ దాన్ని దగ్గరుండి నొక్కాలి. ముసురులోనూ రోజూ 53 లీటర్లు పడితే వేళ్లు కుళ్లిపోతాయి. పక్కాయనకి ఫోను చేశారు.

"వారంగా ఒకటే వాన సార్," అన్నాడు అతను. "నావి సగం కుళ్లిపోయాయి. మీవి మాత్రం చెక్కుచెదరలేదు. వానలో మీ మిషన్ నీళ్లు వదలట్లేదా ఏంటి?"

ఎస్‌ఈ గారు కాసేపు ఆగారు.

"డ్రిప్పర్ సైజు లెక్కగట్టి వేశానయ్యా," అన్నారు.

సెప్టెంబరులో తిరిగొచ్చారు. విమానం తెల్లవారకముందే దిగింది. ఇల్లు చేరేసరికి నాలుగైంది. వాచ్‌మన్ నిద్రకళ్లతో గేటు తీసి, సూట్‌కేసులు లిఫ్టులో పెట్టి, మళ్లీ పడుకున్నాడు. ఎస్‌ఈ గారు తాళం తీసి, స్టూలెక్కి మెయిన్ ఆన్ చేశారు. ఫ్రిజ్ కదిలింది. ఫ్యాను తిరిగింది. డాబా పొద్దున్నే చూద్దామని, ముందు కాఫీ పెట్టించుకున్నారు.

ఐదున్నరకి వాకింగ్ మిత్రులు నలుగురు కింద రోడ్డు మీంచి కిటికీలో లైటు చూసి పైకి వచ్చారు. మనవరాలి కబుర్లు ఐదు నిమిషాల్లో అయిపోయాయి. తర్వాతంతా టైమరే. ఆయన ఫోను తీసి మే నెల ఫొటోలు చూపించారు, వాటి వెనకే బిల్లులు. ఫోను చేతులు మారింది. సున్నాని ఒకాయన వేళ్లతో సాగదీసి మరీ చూశాడు. ఇంకొకాయన అక్కడికక్కడే రెండు టైమర్లు ఆర్డరు పెట్టాడు. ఒకటి తనకి, ఒకటి వియ్యంకుడికి. అసోసియేషన్ ప్రెసిడెంటు కూడా ఉన్నాడు. కింద పార్కుకి ఇదే పెడితే తోటమాలి జీతం మిగులుతుంది కదా అన్నాడు.

"అదే నేను చెప్పేది," అన్నారు ఎస్‌ఈ గారు. "సిస్టంలో మనిషి ఉండకూడదు."

గోడ గడియారం ఆరు చూపించింది. ఆయన వేలెత్తారు. అందరూ మాట ఆపి పైకప్పు వైపు చూశారు.

"ఓపెన్," అన్నారాయన.

రెండో కాఫీ తాగి డాబా ఎక్కుదామనుకున్నారు. గ్లాసులు ఇంకా చేతుల్లోకి రాకుండానే కాలింగ్ బెల్ మోగింది. ఆయన భార్య వెళ్లి తలుపు తీసింది. గుమ్మంలో యాదమ్మ. చేతిలో బకెట్. చీర కుచ్చిళ్లు తడిసి ఉన్నాయి. హాల్లో కూర్చున్న వాళ్లని దాటుకుని ఆమె చూపు ఎస్‌ఈ గారి మీద పడింది. మొహం వికసించింది.

"వచ్చిన్రా సార్, మంచిగైంది! మీ అలారం ఖరాబైంది. ఐదు నెలలసంది దినాం టక్కుమంటే పోస్తుంటి, మళ్ల టక్కుమంటే ఆపుతుంటి. ఇయ్యాల టక్కుమన్నదో లేదో, వైర్లకెళ్లి నీళ్లు కారవట్టినయ్!"