మిల్లు మూసినా ఆగని గుంయ్

భైంసాలో ఇంట్లో తయారు చేసుకున్న ఆంప్లిఫయర్ గుంయ్‌మంటే దానికి కారణం జిన్నింగ్ మిల్లు. మెకానిక్కులు, ఇంటర్ పిల్లలు, బారాత్‌లకు బాక్సులు కిరాయికిచ్చే అన్నలు ఇక్కడ ఒక్కమాట మీద నిలబడే సిద్ధాంతం ఇదొక్కటే. మిల్లులో పెద్ద మోటార్లు తిరుగుతాయి, అవి కరెంటును ఖరాబు చేస్తాయి, ఖరాబైన కరెంటు మన డబ్బాలో దూరి స్పీకర్లోంచి గుంయ్‌మంటూ బయటికొస్తుంది. వినసొంపుగా ఉంది. పైగా మిల్లు సేఠ్ వచ్చి కాదని వాదించబోడు.

చిన్న చిక్కొకటి ఉంది. పత్తి దసరా దాటాక మార్కెట్టుకు రావడం మొదలై ఎండలు ముదిరేసరికి అయిపోతుంది. రోహిణి కార్తెలో మిల్లు గేటుకు తాళం ఉంటుంది. డబ్బా మాత్రం అదే శ్రుతిలో గుంయ్‌మంటూ ఉంటుంది. ఈ సంగతి అడిగితే సిద్ధాంతకర్త తడబడడు. "ఎండాకాలం లోడెక్కువుంటది తమ్మీ, ఇంటింటికీ కూలర్లు నడుస్తయ్ గదా" అంటాడు. వానాకాలంలో అడిగితే తేమ. చలికాలంలో మళ్లీ మిల్లు. మూడు కాలాలకు ముగ్గురు నేరస్తులు దొరికారు. డబ్బా లోపల మనం చేసిన వైరింగ్ ఒక్కటే ఏడాది పొడవునా నిర్దోషి.

మిల్లుకు నేను వకాల్తా పుచ్చుకోవడం లేదు. పెద్ద మోటారు స్టార్టయితే బల్బు ఒకసారి మసకబారుతుంది, స్పీకర్లో టప్పుమంటుంది. ఆ టప్పు మిల్లుదే, ఒప్పుకుందాం. కానీ ఆగకుండా ఒకే తీరుగా వచ్చే గుంయ్ తన ఇంటి నంబరు తానే చెబుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్. లోతుగా, ఊం అని 50 దగ్గర మోగితే ట్రాన్స్‌ఫార్మర్ పక్క నుంచి ఇన్‌పుట్ తీగ పోతోందనో, షీల్డు వైరు జడ ఎక్కడో తెగిందనో, ఎర్త్ రెండు దారుల్లో చుట్టు తిరుగుతోందనో అర్థం. జుయ్ అని కాస్త గరుకుగా 100 దగ్గర మోగితే అది డయోడ్ల బ్రిడ్జి దాటాక పుట్టింది. కరెంటు అలను బ్రిడ్జి మడిచేస్తుంది కాబట్టి యాభై వంద అవుతుంది. హార్మోనియం మీద కింది షడ్జానికి, పై షడ్జానికి ఎంత తేడానో ఈ రెండింటికీ అంతే తేడా. భజన మండలిలో శ్రుతి కాస్త జారితే ముఖం చిట్లించే మనవాళ్లు, స్పీకరు ముందు కూర్చుని ఇది కింది స్థాయా పై స్థాయా అని ఒక్కసారి కూడా చెవి పెట్టరు.

చెవి పెట్టకుండా ఏం చేస్తారంటే, ఐసీ మారుస్తారు. ఈ వైద్య విధానంలో మొదటి మందు అదే. కొత్త ఐసీ వేస్తే గుంయ్ పోదు. అప్పుడు "డూప్లికేట్ ఐసీ వచ్చిందన్నా" అంటారు. నిజామాబాద్ పోయి ఇంకోటి తెస్తారు. అదీ డూప్లికేటే. నాందేడ్‌దీ డూప్లికేటే. చివరికి హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ దాకా యాత్ర సాగుతుంది. యాత్రాఫలంగా దొరికిన ఐసీ కూడా అదే శ్రుతిలో గుంయ్‌మంటుంది. నాలుగు ఊళ్ల ఐసీలు కూడబలుక్కున్నట్టు ఒకే రాగం తీస్తున్నాయంటే తప్పు రాగానిది కాదేమో అని ఎవరికీ తట్టదు.

నకిలీ సరుకు లేదని కాదు. సాన్యో కంపెనీ ఎల్ఏ4440 ఐసీ తయారీ ఎప్పుడో మానేసింది. ఇవాళ బజార్లో కవరు నిండా దొరికేవి ఎవరెవరో తీసినవే. కానీ నకిలీ ఐసీకి తొందరగా వేడెక్కడం, పగలడం, పాటను చీల్చడం వచ్చు. పాట లేనప్పుడు సరిగ్గా వంద హెర్ట్జ్ దగ్గర నిలబడి తంబురా మీటే విద్య దానికి రాదు.

రెండో మందు కండెన్సర్. 4700 మైక్రోఫారడ్ ఉన్నచోట పదివేలది పెట్టు, అదీ చాలకపోతే రెండు కలిపి కట్టు. ఇక్కడ మాత్రం ప్రకృతి మనతో పరాచికాలాడుతుంది. డయోడ్లు కండెన్సర్‌ను నింపేది నిలకడగా కాదు, అల శిఖరానికి చేరిన కొద్ది క్షణాల్లోనే గబుక్కున కుమ్మరిస్తాయి. కండెన్సర్ ఎంత పెద్దదైతే ఆ కుమ్మరింపు అంత ఇరుగ్గా, అంత ఎత్తుగా అవుతుంది. ఆ కరెంటు పోయే గ్రౌండ్ తీగలోనే పాట గ్రౌండ్ కూడా కలిపి ఉంటే, కండెన్సర్ పెంచినకొద్దీ గుంయ్ జుయ్‌గా, జుయ్ ఇంకా కోసుకుపోయే జుర్‌గా మారుతుంది. "పెద్ద కండెన్సర్ పెట్టినంక నాయిస్ ఎక్కువైందన్నా" అని వచ్చిన పిల్లాడికి మన డాక్టరు గారు ఇంకా పెద్దది రాసిస్తారు.

లెక్క వేసి చూద్దాం, నోట్లో వేలు పెట్టుకునే లెక్కే. అర చదరపు మిల్లీమీటరు రాగి తీగ, అడుగు పొడవు. దాని అడ్డంకి ఇంచుమించు ఓములో వందో వంతు. కండెన్సర్ నింపే కరెంటు ఆ క్షణంలో 5 ఆంపియర్లు అనుకోండి. ఆ తీగ రెండు కొసల మధ్య 50 మిల్లీవోల్టులు నిలబడతాయి. పాట గ్రౌండ్ ఆ తీగ మీదే ఎక్కడో అతికి ఉంటే ఆ 50 మిల్లీవోల్టులూ పాటతో కలిసి లోపలికి పోతాయి. ఆంప్లిఫయర్ ఇన్‌పుట్‌ను ముప్ఫై రెట్లు పెంచేదైతే స్పీకర్ దగ్గర అది ఒకటిన్నర వోల్టు. డబ్బా దాని పని అది చక్కగా చేస్తోంది, మనం ఇచ్చిన గుంయ్‌ని నిజాయితీగా పెంచి ఇస్తోంది. పెళ్లి బారాత్ పోయే సందులోనే పదో తరగతి పిల్లల్ని కూర్చోబెట్టి పరీక్ష రాయమని, వాళ్లకు చెవులు సరిగా లేవని ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి తీసుకుపోవడం లాంటిది ఈ ఐసీ మార్పిడి.

చేయాల్సింది తీగ జరపడం. ట్రాన్స్‌ఫార్మర్ సెంటర్ ట్యాప్ రెండు కండెన్సర్ల నడుమకు రావాలి. అక్కడి నుంచి కాస్త ఎడంగా ఒక్క బిందువు పెట్టుకుని స్పీకర్ మైనస్, బోర్డు గ్రౌండ్, ఇన్‌పుట్ గ్రౌండ్ దేని తీగ దానికి విడిగా అక్కడికి తేవాలి. దీనికి పెట్టుబడి రెండు జానల వైరు, చిటికెడు సోల్డర్. ఇంత చవక వైద్యం మీద ఎవరికి నమ్మకం కుదురుతుంది?

రోగం ఎక్కడుందో కనుక్కోవడానికీ మీటరు అక్కర్లేదు. వాల్యూమ్ సున్నాకు తిప్పినా గుంయ్ అలాగే ఉంటే తప్పు వాల్యూమ్ కంట్రోల్ తర్వాత ఉంది, తగ్గితే ముందుంది. ఆక్స్ వైరు పీకేసి ఇన్‌పుట్‌ను గ్రౌండ్‌కు కలిపితే ఆగిపోయిందా, రోగం బయటి నుంచి వస్తోంది. ఫోను చార్జర్ పీకగానే ఆగిందా, చార్జర్‌ను అడగండి. వాల్యూమ్ కంట్రోల్ లోహపు పిడిని ముట్టుకుంటే ఆగిందా, దాని ఒంటికి గ్రౌండ్ ఇవ్వలేదు. తిప్పితే గరగరమంటే దుమ్ము, లేదా దాని ముందున్న కండెన్సర్ లీకై డీసీ వదులుతోంది. ఫోను రింగయ్యే ముందు టిట్టిట్టిర్ర్ అంటే అది టూజీ సిగ్నల్ సెకనుకు 217 సార్లు కొట్టే దరువు, దానికి బోర్డు మార్చకండి, ఫోను ఆ పక్కకు పెట్టండి.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. మూడో మందు దగ్గర నవ్వు రాదు. అది ఎర్త్ పిన్ను విరగ్గొట్టడం. "మూడో పిన్ను తీసెయ్ కాకా, నాయిస్ సాఫ్" అన్న చిట్కా మైక్ సెట్ల వాళ్ల దగ్గర చేతులు మారుతూ వస్తోంది. ఘోరమేమిటంటే ఈ చిట్కా పనిచేస్తుంది. ఎర్త్ రెండు దారుల్లో చుట్టు తిరగడం వల్ల వచ్చిన గుంయ్ ఒక దారి తెంపగానే ఆగిపోతుంది. ఆ ఆగడంతోపాటు ఇంకొకటీ ఆగిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ చుట్టు కాలి ఇనుప డబ్బాకు తగిలిన రోజున ఫ్యూజు కొట్టేసే దారి అదే. అది లేకపోతే డబ్బా ఒళ్లంతా 230 వోల్టులు పరుచుకుని, ఎవరైనా చెయ్యి వేస్తారేమోనని ఎదురుచూస్తూ కూర్చుంటుంది. వినాయక చవితి వానలు పడే రోజుల్లో. తడి నేల మీద వేసిన మండపంలో. చెప్పుల్లేని పిల్లలు పాట మార్చడానికి పోటీపడే చోట. డబ్బా ఒంటిని ఎర్త్‌కు గట్టిగా బిగించి, పాట గ్రౌండ్‌ను మాత్రం 10 ఓముల రెసిస్టర్ ద్వారా, దానికి అడ్డంగా ఎదురెదురుగా రెండు లావుపాటి డయోడ్లు పెట్టి కలిపితే గుంయ్ తగ్గుతుంది, రక్షణా ఉంటుంది. ఈ మూడు సామాన్ల ఖర్చు కంటే పిన్ను విరిచే కటింగ్ ప్లయర్ ఖరీదెక్కువ.

ఇక వాట్లు. డబ్బా ముందు ఎర్రటి స్టిక్కర్ మీద "5000 వాట్స్ పీఎంపీఓ", అంటే పీక్ మ్యూజిక్ పవర్ అవుట్‌పుట్, అని ఉంటుంది. 230 వోల్టుల మీద 5000 వాట్లంటే దాదాపు 22 ఆంపియర్లు. ఆ డబ్బా ప్లగ్గు పెట్టే గోడ సాకెట్టు మాత్రం 6 ఆంపియర్లది. స్టిక్కర్ నిజమైతే గోడ కాలాలి. గోడ కాలలేదు. లోపల చూస్తే 12-0-12, 2 ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్, అంటే మొత్తానికి 48 వాట్లు. అది రెక్టిఫై అయ్యాక అటు 17 వోల్టులు, ఇటు 17. ఎనిమిది ఓముల స్పీకర్ మీద దాంతో లాగగలిగింది 12 వాట్లు. ఎల్ఏ4440 గురించి సాన్యో తన డేటాషీట్లో చానెల్‌కు 6 వాట్లని, బ్రిడ్జి చేస్తే 19 వాట్లని రాసుకుంది. పాపం, వాళ్లకు అమ్ముకోవడం తెలియదు.

ట్రాన్సిస్టర్ బోర్డుల లెక్క ఇంకా ముచ్చటైనది. తోషిబా 5200, 1943 ట్రాన్సిస్టర్ల జంటలో ఒక్కోదాని డేటాషీట్లో 150 వాట్లు అని ఉంటుంది. 150, 150 కలిపి 300, నాలుగు జంటలు కాబట్టి 1200. ఆ 150 అన్నది పాట సంగతి కాదు. దాని ఒళ్లు 25 డిగ్రీల దగ్గర ఉన్నంతవరకు అది బయటికి తోసేయగల వేడి. ఒళ్లు వేడెక్కినకొద్దీ ఆ అంకె దిగిపోతుంది. మే నెల భైంసాలో గాలే 40 దాటి ఉంటుంది. ఎంత వేడి తట్టుకోగలదో చెప్పే అంకెను ఎంత గట్టిగా మోగుతుందో చెప్పే అంకెగా చదువుకున్నాం. దగ్గర్లోనే బాసర, అక్షరాభ్యాసాలకు దేశం నలుమూలల నుంచి వస్తారు, 2008 నుంచి ట్రిపుల్ ఐటీ కూడా అక్కడే ఉంది. అయినా డేటాషీట్ మొదటి పేజీ చదవడానికి మనకింకా ముహూర్తం కుదరలేదు.

అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లోనే ఇళ్లలో వాడే ఆంప్లిఫయర్ల వాట్లను ఎలా కొలిచి చెప్పాలో నియమం పెట్టింది. ఎక్కడైనా ఈ వ్యాపారి బుద్ధి ఒక్కటేనని దాన్నిబట్టి తెలుస్తుంది. పీఎంపీఓకు మాత్రం ఏ నియమమూ లేదు. ఎన్ని సున్నాలు పట్టేంత స్టిక్కర్ ఉంటే అన్ని వాట్లు. పోనీ వాట్లు నిజంగానే రెట్టింపు చేశామనుకుందాం, పెరిగేది 3 డెసిబెల్స్, చెవికి కాస్త తేడా తెలుస్తుందంతే. పక్కింటి ముసలమ్మకు మాత్రం మొదటి దానితోనే నిద్ర పోయింది.

కొత్త డబ్బాకు మొదటిసారి కరెంటిచ్చే పద్ధతి కూడా చూడదగ్గది. దేవుడికి దండం పెట్టి, ముఖం పక్కకు తిప్పి, స్విచ్చు వేస్తారు. కండెన్సర్ మీద అది తట్టుకోగలిగినదానికంటే బాగా ఎక్కువ వోల్టేజి పడి అది టపాకాయలా పేలుతుంది. లేదా ట్రాన్సిస్టర్ కింద మైకా షీటు చిరిగి హీట్ సింకుకు షార్టవుతుంది. లేదా అవుట్‌పుట్ దగ్గర ఉండాల్సిన పది ఓముల రెసిస్టర్, 0.1 మైక్రోఫారడ్ కండెన్సర్ జంటను బోర్డు చేసినవాడు రూపాయి మిగుల్చుకోవడానికి ఎగ్గొట్టడంతో, పాట లేకుండానే లోలోపల చెవికందని కేక వేసుకుంటూ ఐసీ కాలిపోతుంది. ఒక పాత వంద వాట్ల ఫిలమెంటు బల్బును సిరీస్‌లో పెట్టి స్విచ్చు వేస్తే, షార్టుంటే బల్బు భగ్గున వెలిగి డబ్బాను కాపాడుతుంది. ఊళ్లో ప్రతి వైండింగ్ షాపులో ఈ సిరీస్ బోర్డు గోడకు వేలాడుతుంటుంది. మోటారుకు ఇచ్చిన మర్యాద ఆంప్లిఫయర్‌కు ఇవ్వం.

దీనికి మెకానిక్ అన్న ఒక జవాబు చెబుతాడు. ఆ జవాబుకు నా దగ్గర ఎదురు లేదు. "నీ ముచ్చట కరెక్టే సార్. తీగ జరిపితే పోతది, నాకూ ఎరుకే. కానీ తీగ జరిపినందుకు పైసలెవడిస్తడు? 'ఏం మార్చినవ్' అని అడుగుతడు. ఏం మార్చలేదంటే 'మరి దేనికి మూడొందలు' అంటడు. ఐసీ మార్చినా అంటే, పాతది చేతుల పెడితే, మాట్లాడకుండ ఇచ్చి పోతడు." గుంయ్ ఎక్కడ పుడుతుందో గంటసేపు విని కనిపెట్టే చెవికి మన బజారులో రేటు లేదు. పాలిథిన్ కవర్లో వచ్చే నల్లటి ముక్కకు ఉంది.

అందుకే ఆ అన్నకు నేనొక ఉపాయం చెప్పాను. కాలిపోయిన ఐసీలన్నీ పారేయకుండా ఒక హార్లిక్స్ సీసాలో వేసి పెట్టుకో. డబ్బా రాగానే తీగ జరుపు, ఎర్త్ పిన్ను తిరిగి పెట్టు, సీసాలోంచి ఒక ఐసీ తీసి గిరాకీ చేతిలో పెట్టి "ఇదే పోయింది" అని మూడొందలు తీసుకో. అబద్ధమే, కాదనను. ఆ డబ్బా ముందు అంటించిన స్టిక్కర్‌తో పోలిస్తే చాలా చిన్నది.