పదిహేడు హ్యాండ్ల పరువు

కర్నూలు, కడప వైపు నాలుగు రాళ్ళు వెనకేసుకున్నవాళ్ళకు ఈమధ్య గుర్రాల పిచ్చి పట్టింది. తోటలో మేడ, మేడ ముందు తెల్ల బండి, బండి పక్కన గుర్రం. గుర్రాన్ని పెంచుకోవడం తప్పేమీ కాదు. పెళ్ళి ఊరేగింపులో నడిపించినా, ఎన్నికల ర్యాలీలో ఎక్కి దండం పెట్టినా ఎవరికీ నష్టం లేదు. చిక్కంతా "మాది దూరం పోయే గుర్రం" అన్నప్పుడే.

"యాడిదాకా పోతాదన్నా?" అని అడిగి చూడండి.

"నంద్యాల్లో ఎక్కితే అహోబిలం దాకా ఆగేదే లేదు."

"ఎట్ల తెలుసు?"

జవాబుగా చెయ్యి తల పైకి లేస్తుంది. "ఇంతెత్తుంది సామీ!"

ఎత్తే అర్హతయితే జిరాఫీకి జీను కట్టాలి. గుర్రం ఎత్తును మూపు దగ్గర కొలుస్తారు, హ్యాండ్లలో చెబుతారు. ఒక హ్యాండు 4 అంగుళాలు. మనవాళ్ళు మోజుపడే 17 హ్యాండ్ల గుర్రానికి మూపు దగ్గరే 5 అడుగుల 8 అంగుళాలు. ఎక్కడానికి స్టూలు కావాలి, దిగడానికి ఇద్దరు మనుషులు కావాలి. దారి మధ్యలో జీను జారితే ఆ స్టూలును అహోబిలం కొండల్లో ఎవరు తెచ్చిస్తారో అన్న చెప్పడు.

దూరప్రయాణాన్నే పందెంగా పెట్టుకున్నవాళ్ళు ఉన్నారు. అమెరికాలోని కాలిఫోర్నియాలో 1955 నుంచి టెవిస్ కప్ జరుగుతోంది. సియెరా నెవాడా కొండల మీదుగా 24 గంటల్లో 100 మైళ్ళు పోవాలి. అక్కడ ఏళ్ళ తరబడి ముందు నిలుస్తున్నది అరబ్బీ గుర్రాలే. వాటిలో చాలావాటి ఎత్తు 15 హ్యాండ్లకు అటూ ఇటూ. మంగోలియాలో 1000 కిలోమీటర్ల పందెమే ఉంది. అక్కడి గుర్రాలను మన అన్నకు చూపిస్తే పిల్లలు ఎక్కడానికి తెచ్చారనుకుంటాడు.

పొట్టి గుర్రం గెలవడానికి మంత్రమేమీ లేదు. గుర్రం కండరం ఖర్చుపెట్టే శక్తిలో పరుగుకు పనికొచ్చేది పావు వంతుకు మించదు, మిగతాదంతా వేడిగా మారుతుంది. ఆ వేడిలో ఎక్కువ భాగం చర్మం గుండానే బయటికి పోవాలి. ఒళ్ళు పెరిగే కొద్దీ మాంసం పెరిగినంతగా చర్మం పెరగదు, కాబట్టి భారీ గుర్రం చల్లబడటానికి ఎక్కువసేపు పడుతుంది. ఎండలో గట్టిగా పనిచేస్తే గంటకు 10 లీటర్లకు పైగా చెమట కారుస్తుంది. ఇది చల్లని దేశాల్లో కూడా తలనొప్పే. మే నెలలో 40 డిగ్రీలు దాటే నంద్యాలలో, తాగే నీళ్ళకే ట్యాంకరు కోసం బిందెలు వరుసపెట్టే సీమ పల్లెల్లో భారీ గుర్రాన్ని పెంచడాన్ని షోకు అనాలో పాపం అనాలో మీరే తేల్చండి.

సీమకు దూరపు సవారీ కొత్తా? 1677లో శివాజీ దండు గోల్కొండ నుంచి కర్నూలు మీదుగా, కడప దారిన తిరుపతి వైపు దిగింది. మధ్యలో ఆయన శ్రీశైలం దర్శించుకున్నాడు. మరాఠా రౌతులు నమ్ముకున్నది దక్కనీ పొట్టి గుర్రాలను. ఇప్పటి చౌరస్తా శిల్పులు మాత్రం వాటికి ఏనుగంత ఒళ్ళు పోశారు. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాల కలెక్టరుగా పనిచేసిన థామస్ మన్రో డేరాల్లో ఉంటూ గుర్రం మీద ఊరూరూ తిరిగాడు. 1839లో మద్రాసులో నిలబెట్టిన ఆయన విగ్రహంలోని గుర్రానికి జీనూ లేదు, రికాబులూ లేవు. కంచు గుర్రం కాబట్టి ఇన్నేళ్ళుగా మోస్తోంది. నిజానికి మన అన్నకు కావలసింది అదే: మేత అడగదు, అలసిపోదు, ఫొటోలో ఎత్తుగా పడుతుంది.

ఎత్తు మోజు పుట్టిన చోట దళారి పుడతాడు. హైదరాబాద్ మలక్‌పేట రేసుకోర్సులో రెండు మూడు నిమిషాల్లో తేలిపోయే పందేలకు పెంచి, ఇక పరుగెత్తలేదని వదిలించుకున్న గుర్రాన్ని "దూరానికి ఇదే రాజు" అని అంటగడతాడు. విజయనగరాన్ని ఏలిన సాళువ నరసింహుడు సముద్రం మీద చచ్చిన గుర్రానికి తోక తెచ్చి చూపినా డబ్బు ఇచ్చాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. ఇప్పుడు తోక కూడా అక్కర్లేదు, వాట్సాప్‌లో వీడియో వస్తే అడ్వాన్సు వెళ్ళిపోతుంది. మోకాలి కింద ఎముక మందమెంత, నడుము వెడల్పెంత, గిట్టలు కడప రాళ్ళ దారిని తట్టుకుంటాయా, ఆగాక గుండె ఎంతసేపట్లో నెమ్మదిస్తుంది అని అడిగినవాడు లేడు. దూరపు పందేల్లో పశువైద్యులు ముఖ్యంగా చూసేది ఆ గుండె వేగాన్నే. గుండె సాధారణంగా నిమిషానికి 64కు దిగాలి. దిగకపోతే గుర్రం ఎంత ఎత్తున్నా ఇంటికే.

"నేను భారీ మనిషిని, నాకు భారీ గుర్రమే కావాలి" అనేది చివరి వాదన. ఇందులో సగం నిజముంది. రౌతు, జీను కలిపి గుర్రం బరువులో ఐదో వంతు మించకూడదన్నది పాత అశ్వదళాల నుంచి వస్తున్న లెక్క. టెవిస్ గుర్రాలను పరీక్షించినవాళ్ళకు రౌతు బరువు కంటే గుర్రం ఒంటి పుష్టే ముఖ్యమని తేలింది. కానీ ఆ లెక్కల్లో ఎక్కడా ఎత్తు లేదు. కాళ్ళు పొడుగైనంత మాత్రాన నడుము బలపడదు.

కాబట్టి అన్నలారా, దళారికి ఫోను చేసేముందు జీను భుజాన వేసుకుని కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లిగడ్డల కాటా ఎక్కండి. వచ్చిన అంకెను ఐదుతో గుణించండి. అది 600 కిలోలు దాటితే గుర్రాన్ని ఆరు నెలలు ఆపి, అహోబిలానికి నడిచిపోండి.