చూశాక డిలీట్ చెయ్యి

మా బావగారు ఎవరికైనా కోడ్ ఫైలు పంపారంటే ఆడపిల్లని అత్తారింటికి పంపినట్టే. పంపేదాకా తొందర, పంపాక బెంగ. "చేరిందా? తెరిచావా? పక్కన ఎవరైనా ఉన్నారా?" అని వరస మెసేజీలు. ఈ బాపతు మనిషి ప్రతి ఆఫీసులోనూ ఉంటాడు. మాదాపూర్‌లో అయితే అంతస్తుకొకడు. మాకు ఇంట్లోనే దొరికాడు.

కంపెనీలో ఆయన టీమ్ లీడ్. అక్కడ కోడంతా గిట్‌లో ఉంటుంది, ఎవరు ఏం చూడాలో రాసిపెట్టి ఉంటుంది, ఆయన బెంగకి చోటే లేదు. అసలు ప్రతిభ సొంత ఫైళ్ళ దగ్గర బయటపడుతుంది. అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ లెక్కలు కట్టే పైథాన్ స్క్రిప్టు ఒకటి రాశారు. దాన్ని జిప్ చేసి వాట్సాప్‌లో పంపుతారు. "ప్రైవేటు రిపోజిటరీలో పెట్టండి బావగారూ, మీరు చూపించినవాళ్ళకే కనిపిస్తుంది, అవసరం తీరాక తీసెయ్యొచ్చు. 2019 నుంచి గిట్‌హబ్‌లో అది ఉచితం కూడా" అంటే, "మన కోడు తీసుకెళ్ళి ఎవరి సర్వర్లోనో పెడతామట్రా!" అంటారు. వాట్సాప్ సర్వరు మా అక్క వంటింట్లో ఉందని ఆయన నమ్మకం.

పంపిన కాసేపటికి "చూశావా? చూశాక డిలీట్ చెయ్యి." ఇంకాసేపటికి "చేశావా? స్క్రీన్‌షాట్ పెట్టు." లేనిదాన్ని ఫొటో ఎలా తియ్యాలో నాకిప్పటికీ తెలీదు. ఏదో ఒక ఖాళీ ఫోల్డరు తెరిచి, అది తీసి పంపుతుంటాను. ఆయన తృప్తిపడుతుంటారు. ఆ తృప్తీ చాలని రోజున తనే 'డిలీట్ ఫర్ ఎవ్రీవన్' నొక్కుతారు. 2017లో ఆ సౌకర్యం వచ్చిన కొత్తలో గడువు ఏడు నిమిషాలే. ఆ ఏడు నిమిషాలూ ఫోను కింద పెట్టేవారు కాదు. ఇప్పుడు గడువు రెండు రోజులు దాటింది, బెంగా అంత సాగింది. అవతలివాడు ఫైలు ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించేసుకున్నాక ఇక్కడ నొక్కితే అక్కడ పోతుందా? పోయేది ఆయన పరువే. డిలీట్ అయిందన్న గీత గ్రూపులో కనపడగానే, అంతవరకూ ఆ ఫైలు వంక చూడనివాళ్ళు కూడా "ఏం పెట్టారు సార్, ఏం తీసేశారు?" అని ఎగబడతారు.

తరవాత జిప్పుకి పాస్‌వర్డ్ పెట్టడం నేర్చారు. మామూలు జిప్పుకి పాస్‌వర్డ్ పెడితే ఫైళ్ళ లోపలి సరుకుకే తాళం పడుతుంది, ఫైళ్ళ పేర్లు మాత్రం ఎవరికైనా కనిపిస్తాయి. ఈ సంగతి అపార్ట్‌మెంట్ ప్రెసిడెంటుగారికి పంపాక తెలిసింది. పాస్‌వర్డ్ అందకముందే ఆ పెద్దాయన లోపలి పేర్లన్నీ చదివేశారు. వాటిలో 'ప్రెసిడెంటు_పిచ్చి_లెక్క.పై' ఒకటి.

పాస్‌వర్డ్ విషయంలో బావగారి సూత్రం గట్టిది. ఫైలు పంపిన చాట్‌లోనే పాస్‌వర్డ్ పెట్టకూడదు, వేరే దారిలో చెప్పాలి. ఎవరూ వంక పెట్టలేరు. కాకపోతే ఆయన ఎంచుకున్న వేరే దారి నోరు. తణుకులో మా పిన్ని కూతురి పెళ్ళి, బంతిలో కూర్చున్నాం, బయట మేళం మోగిపోతోంది. ఈయన ఎడంచేత్తో ఫోను పట్టుకుని, "కేపిటల్ ఎస్! శ్రీకాకుళం ఎస్సు! ఆర్, రాజమండ్రి. ఐ... ఐ అంటే ఇచ్ఛాపురం. జె, జగ్గయ్యపేట. ఎ, అమలాపురం. తరవాత అట్ ది రేట్, రెండూ సున్నా ఒకటీ రెండూ" అని అరుస్తున్నారు. పప్పు గరిటె పట్టుకున్నబ్బాయి ఆయన విస్తరి ముందే ఆగిపోయి పూర్తిగా విన్నాడు. "ఓసి, వాళ్ళమ్మాయి పేరూ, పుట్టిన ఏడూనే!" అంది మా పెద్దత్త అప్పడం విరుస్తూ.

ఇంత కాపలా కాసే ఆ ఫైలు పైన 'రచయిత అనుమతి లేనిదే ఎవరికీ ఇవ్వరాదు' అని పెద్దక్షరాలతో ఉంటుంది. కింద సగం కోడు స్టాక్ ఓవర్‌ఫ్లోది. రాసినవాడి పేరు చెప్పి వాడుకోవాలన్నది అక్కడి షరతు. ఆ పేరు ఏదీ అని అడిగితే బావగారికి వేరే ఫోనొస్తుంది.

అయితే ఈ మనిషే ఒక రాత్రి వేరే అవతారం చూపించారు. వాళ్ళ టీములో కొత్తగా చేరిన కుర్రాడు క్లౌడ్ అకౌంటు తాళంచెవి, అదే ఆ యాక్సెస్ కీ, కోడులో ఉంచేసి అందరికీ కనిపించే రిపోజిటరీలోకి తోసేశాడు. ఏడుపుగొంతుతో ఫోను. "డిలీట్ చేసి మళ్ళీ కమిట్ చేశాను సార్" అంటున్నాడు. బావగారు గొంతు పెంచలేదు. "దానివల్ల పోదమ్మా. పాత కమిట్‌లో అలాగే ఉంటుంది. క్లోన్ చేసుకున్నవాడి దగ్గర చరిత్రంతా ఉంటుంది. ఇలాంటి కీల కోసమే జల్లెడపట్టే ప్రోగ్రాములు తిరుగుతుంటాయి. ముందు కీ రద్దు చెయ్యి. కొత్తది తీసుకో. లాగ్‌లో ఎవరైనా వాడారేమో చూద్దాం. చరిత్ర కడుక్కోవడం తెల్లారాక." పని అయ్యేదాకా లైన్లోనే ఉన్నారు. పొద్దున్న మేనేజరుకి ఆ కుర్రాడి పేరు లేకుండా మెయిలు పెట్టారు. ఇదంతా తెలిసిన మనిషి నన్ను ఖాళీ ఫోల్డరు ఫొటో ఎందుకు అడుగుతారో ఆ భగవంతుడికే తెలియాలి.

మొన్న ఆయన ల్యాప్‌టాప్ డిస్కు పోయింది. మెయింటెనెన్స్ స్క్రిప్టుకి వేరే కాపీ లేదు. ఉన్నచోటల్లా తనే తీయించేశారు కదా. నెలాఖరు, ప్రెసిడెంటుగారు లెక్కలడుగుతున్నారు. తను పంపినవాళ్ళందరికీ ఫోన్లు చేశారు. అందరూ "మీరు చెప్పిన రోజే డిలీట్ చేశాం సార్" అన్నారు వినయంగా. చివరికి నాకు చేశారు. "ఏరా, ఆ ఫైలు... నిజంగానే డిలీట్ చేశావా?" ఆ గొంతులో అంత ఆశ నేనెప్పుడూ వినలేదు.

నేనా చేసేది? మూడు వెర్షన్లూ ఉన్నాయి. పంపాను. రెండు నిమిషాలకి జవాబొచ్చింది: "అందింది. నీ దగ్గరున్నవి డిలీట్ చెయ్యి. స్క్రీన్‌షాట్ పెట్టు."