రీలోడింగ్ గదికి పనికిరాని మంచి సలహాలు

అమెరికాలో సొంతిల్లు కొనుక్కున్న తెలుగువాళ్లలో కొందరు వారాంతాల్లో షూటింగ్ రేంజికి వెళ్తుంటారు. వాళ్లలో కొందరికి కొన్నాళ్లకు తూటాలు తామే తయారు చేసుకోవాలన్న ఆసక్తి పుడుతుంది. పేలిన తూటా తాలూకు ఇత్తడి కేసును పారేయకుండా శుభ్రం చేసి, పౌడరును అంటించే పాత ప్రైమరు తీసి, కేసును మళ్లీ సరైన కొలతకు నొక్కి, కొత్త ప్రైమరు బిగించి, తూచిన పౌడరు పోసి, మీద బుల్లెట్ కూర్చోబెట్టడమే రీలోడింగ్. సొంత వాడకానికి చేసుకుంటే అక్కడి ఫెడరల్ చట్టం లైసెన్సు అడగదు. అమ్మకానికి చేస్తే అడుగుతుంది.

దీనికోసం ఇంట్లో గది సిద్ధం చేస్తున్నామని తెలియగానే సలహాలు మొదలవుతాయి. చెప్పేవాళ్లంతా మన మేలు కోరేవాళ్లే. వడ్రంగి షెడ్డుకో, వంటింటికో, ఆఫీసు గదికో అవి మంచి సలహాలే కూడా. ఈ గదిలోకి తెచ్చేసరికి తలకిందులవుతాయి. ఎందుకు తలకిందులవుతాయో తెలుసుకుంటే గది ఎలా ఉండాలో దానంతటదే తెలుస్తుంది.

"ప్రమాదకరమైనవన్నీ ఇనప బీరువాలో పెట్టి తాళం వెయ్యండి."

బంగారం నుంచి పొలం పట్టాల దాకా అన్నీ బీరువాలో దాచిన ఇళ్లలో పెరిగాం కనుక ఈ మాట మనకు వెంటనే నచ్చుతుంది. తుపాకులకు ఇది సరైనదే. పౌడరుకు ఇంతకంటే చెడ్డ చోటు లేదు. స్మోక్‌లెస్ పౌడరును ఆరుబయట కొద్దిగా పోసి అంటిస్తే భగ్గుమని మండిపోతుంది, పేలదు. గట్టిగా మూసినచోట అంటుకుంటే వాయువులు బయటికి పోలేక ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడి పెరిగినకొద్దీ పౌడరు ఇంకా వేగంగా మండుతుంది, ఆ వేగం మళ్లీ ఒత్తిడిని పెంచుతుంది. తుపాకీలో బుల్లెట్‌ను ముందుకు తోసేది ఈ గుణమే. ఇల్లు అంటుకున్నప్పుడు ఇనప బీరువాలో అదే జరిగితే బీరువా బాంబు అవుతుంది. కంపెనీలు పౌడరును కొద్దిపాటి ఒత్తిడికే తెరుచుకుపోయే పల్చని డబ్బాల్లో అమ్మేది కూడా ఇందుకే.

అమెరికాలో అగ్నిమాపక ప్రమాణాలు రూపొందించే ఎన్‌ఎఫ్‌పిఏ తన 495వ నంబరు నియమావళిలో దీనికి లెక్క చెప్పింది. ఇంట్లో 20 పౌండ్ల దాకా స్మోక్‌లెస్ పౌడరును కంపెనీ డబ్బాల్లోనే ఉంచుకోవచ్చు. 20 దాటి 50 పౌండ్ల దాకా అయితే కనీసం అంగుళం మందం గోడలున్న చెక్కపెట్టెలో పెట్టాలి. ప్రైమర్లు 10,000కు మించకూడదు. మీ ఊరి ఫైర్ కోడ్ ఇంతకంటే కఠినంగా ఉండొచ్చు, కాబట్టి సిటీ ఆఫీసులో కనుక్కోండి. పౌడరూ ప్రైమర్లూ ఒకే అరలో వద్దు. పిల్లలున్న ఇంట్లో తాళం తప్పనిసరి, కానీ ఆ తాళం గది తలుపుకు ఉండాలి.

పౌడరును సీసాల్లోకి మార్చి పేర్లు రాసి వరసగా పెట్టుకుంటే చూడముచ్చటగా ఉంటుందనీ, పని తేలికవుతుందనీ ఇంకొకరంటారు. పోపులపెట్టెలో ఆవాలనూ జీలకర్రనూ చూసి గుర్తుపట్టగలం. ఇవి అలా కాదు. మండే వేగంలో ఎంతో తేడా ఉన్న రెండు పౌడర్లు కంటికి ఒకేలా కనిపించవచ్చు. డబ్బా మీది లేబులే దాని గుర్తింపు. ఒకదాని కొలతతో మరొకటి పోస్తే తుపాకీ పగిలి చేతిలోనే ముక్కలు కావచ్చు. బల్ల మీద ఒకసారికి ఒక్క పౌడరు డబ్బానే ఉండాలి. పని ముగిశాక కొలపాత్రలో మిగిలింది అదే రోజు అదే డబ్బాలోకి వెళ్లాలి. ఏ పౌడరో తెలియకపోతే, ఎంత డబ్బు పోసి కొన్నదైనా వాడకూడదు. ప్రైమర్ల సంగతి ఇంకా కచ్చితం. కంపెనీ వాటిని ఒక్కొక్కదానికి ఒక్కో గుంట ఇచ్చి ట్రేలలో పేర్చేది ఒకటి పేలితే మిగతావి అందుకోకుండా ఉండాలని. వాటిని గాజుసీసాలో కుమ్మరిస్తే ఆ రక్షణ పోతుంది, ఒక్కటి పేలినా సీసా మొత్తం పేలుతుంది.

"ముందు బల్ల కట్టేయండి, ప్రెస్సు తర్వాత కొనుక్కోవచ్చు."

హ్యాండిల్ దించి కేసును నొక్కే యంత్రమే ప్రెస్సు. ఈ మాట విన్నవాళ్లు రెండోసారి బల్ల కట్టుకోవాల్సి వస్తుంది. చాలా ప్రెస్సుల్లో కేసును పైకి తోసే కడ్డీ (ర్యామ్), దాని లింకులు బల్ల అంచు కిందికి దిగుతాయి. బల్ల ముందు అంచున కింద అడ్డపట్టీ ఉంటే బోల్టు దూరదు, లింకు తగులుతుంది. అక్కడ సొరుగు పెట్టుకుంటే అది తెరుచుకోదు. ముందు ప్రెస్సు కొని, దాని బోల్టు రంధ్రాలు కొలిచి, అడ్డపట్టీని ఆ కొలతను బట్టి వెనక్కి జరిపి కట్టాలి. పెద్ద రైఫిల్ కేసును డై అనే అచ్చులోకి నొక్కేటప్పుడు ఒళ్లు బరువంతా హ్యాండిల్ మీద పడుతుంది, బయటికి లాగేటప్పుడు బల్ల పైకి లేవబోతుంది. ముప్పావు అంగుళం ప్లైవుడ్ రెండు పొరలు అంటించిన పైపలక, నాలుగు బై నాలుగు కాళ్లు, ప్రెస్సు సరిగ్గా కాలి మీదికి వచ్చేలా అమరిక ఉంటే బల్ల కదలదు. వెనకపట్టీని గోడలోని చెక్క స్టడ్‌లకు బిగించాలి. అమెరికా ఇళ్లలో అవి సాధారణంగా 16 అంగుళాలకు ఒకటి ఉంటాయి. పైనున్న జిప్సమ్ బోర్డును నమ్ముకుంటే స్క్రూ ఊడి వస్తుంది.

ఎత్తు విషయంలో భోజనాల బల్ల కొలత, అంటే 30 అంగుళాలు చెబుతారు. కూర్చుని చేసేవాళ్లకు అది సరిపోతుంది. నిలబడి చేసేవాళ్ల నడుము అక్కడ నిలవదు. హ్యాండిల్‌ను అడుగుదాకా దించినప్పుడు వంగాల్సిన అవసరం రాకూడదు. మోచేతి ఎత్తు చూసుకుని 36 నుంచి 42 అంగుళాల మధ్య నిర్ణయించుకోవచ్చు. వెడల్పు 24 అంగుళాలు చాలు. అంతకు మించితే వెనక గోడకున్న అరలు చేతికి అందవు.

బల్ల పెద్దదైతే అన్నీ దాని మీదే పెట్టుకోవచ్చనే మాటను నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. ప్రెస్సున్న బల్ల మీద త్రాసు ఉండకూడదు. ప్రెస్సు కుదుపుకు త్రాసు చలిస్తుంది. పౌడరు కొలపాత్ర కూడా అక్కడే ఉంటే లోపలి పౌడరు కుదించుకుపోయి ఒక్కోసారి ఒక్కో తూకం పడుతుంది. ఈ పనిలో తూకం గ్రెయిన్లలో. పౌండుకు 7,000 గ్రెయిన్లు, గ్రాముకు 15 పైచిలుకు. త్రాసు చూపాల్సిన కనీస తేడా 0.1 గ్రెయిన్, అంటే దాదాపు 6.5 మిల్లీగ్రాములు. అందుకే త్రాసుకు గోడకు బిగించిన వేరే అర కావాలి. దూలం త్రాసైతే కంటి ఎత్తులో ఉండాలి. మీదనుంచి చూస్తే ముల్లు తప్పుగా కనిపిస్తుంది. మనవాళ్లు గది అనగానే సీలింగ్ ఫ్యాన్ తగిలిస్తారు. ఈ గదిలో వద్దు. ఫ్యాన్ గాలైనా, ఏసీ గాలైనా త్రాసును కదిలిస్తుంది. తూచేసేపు ఏసీని ఆపండి. పని మొదలుపెట్టేముందు ప్రతిసారీ చెక్ వెయిట్లతో త్రాసును సరిచూసుకోండి.

గదిలో టీవీ పెట్టుకుంటే మ్యాచ్ చూస్తూ పని చేసుకోవచ్చన్న సలహాకు ఒక్కటే జవాబు. కొన్ని పిస్టల్ కేసుల్లో పరధ్యానంలో పౌడరు రెండుసార్లు పోసినా పొర్లదు, కనిపించకుండా పట్టేస్తుంది. 50 కేసులను లోడింగ్ బ్లాకులో నిలబెట్టి, బుల్లెట్ పెట్టకముందు మంచి వెలుతురులో ఒక్కొక్కదాని లోపలికి చూడాలి. అందుకని దీపం నెత్తిన ఒకటి, ప్రెస్సు దగ్గర ఒకటి, కేసు అడుగు కనిపించేలా ఉండాలి. మొదటిసారి చేసేవాళ్లను ప్రోగ్రెసివ్ ప్రెస్సు కొనమనడం కూడా ఇలాంటి తొందరే. హ్యాండిల్ ఒక్కసారి దించితే నాలుగైదు పనులు ఒకేసారి జరిగే యంత్రంలో ఏది తప్పిందో కొత్తవాళ్లకు కనిపించదు. ఒకసారికి ఒక్క పనే చేసే సింగిల్ స్టేజి ప్రెస్సుతో మొదలుపెట్టండి.

"నేలకు మెత్తని కార్పెట్ వేయించండి, ఒలికింది వ్యాక్యూమ్‌తో లాగేయొచ్చు."

ఈ రెండూ తప్పే. చాలా ప్రైమర్లలో లెడ్ స్టిఫ్నేట్ ఉంటుంది. పేలాక ఆ సీసం కేసుల్లో మసిగా మిగులుతుంది, వాటిని మొక్కజొన్న కండెల పొడితోనో వాల్‌నట్ చిప్పల పొడితోనో టంబ్లర్‌లో తిప్పినప్పుడు ధూళిగా లేస్తుంది. కార్పెట్‌లో చేరితే పోదు. అక్కడే పాకే బిడ్డ చేతికీ నోటికీ అంటుతుంది. పిల్లల రక్తంలో సీసానికి అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2021లో పెట్టిన హెచ్చరిక గీత డెసిలీటరుకు 3.5 మైక్రోగ్రాములు. అంత తక్కువ మోతాదు గురించే వాళ్లు ఆందోళన పడుతున్నారు. నేల నున్నగా, తడిగుడ్డతో తుడవగలిగేలా ఉండాలి. టంబ్లర్ గ్యారేజీలోనో బయటో తిరగాలి, దాని మూత కూడా బయటే తీయాలి. గదిలో టీ, చిరుతిళ్లు వద్దు. గదిలోంచి వచ్చి పిల్లల్ని ఎత్తుకునే ముందు చేతులు సబ్బుతో కడుక్కుని చొక్కా మార్చుకోండి. ఒలికిన పౌడరును వ్యాక్యూమ్‌తో లాగితే మోటారు నిప్పురవ్వకు అంటుకోవచ్చు. చిన్న బ్రష్షు, చేట చాలు.

డాలస్ వైపు ఇళ్లలో బేస్‌మెంట్లు అరుదు కనుక గ్యారేజీయే మేలంటారు. బల్లకు మేలే. పౌడరూ ప్రైమర్లూ మాత్రం ఇంట్లో చల్లగా పొడిగా ఉండేచోట ఉండాలి. టెక్సాస్ వేసవి వేడికి పౌడరు త్వరగా పాడవుతుంది. పైగా అక్కడ గ్యాస్ వాటర్ హీటర్ చాలాసార్లు గ్యారేజీలోనే మండుతుంటుంది. డబ్బా మూత తీసినప్పుడు ఘాటైన యాసిడ్ వాసన, ఎర్రటి పొగ కనిపిస్తే ఆ పౌడరు చెడిపోయింది. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఉంది కదా అని ధైర్యపడకండి. స్మోక్‌లెస్ పౌడరు మండడానికి కావలసిన ఆక్సిజన్ దానిలోనే ఉంటుంది. అది అంటుకుంటే అందరినీ బయటికి తీసుకొచ్చి 911కు ఫోన్ చేసి, లోపల పౌడరూ ప్రైమర్లూ ఉన్నాయని చెప్పండి.

చివరిది, మన మధ్య ఎక్కువగా తిరిగేది: "తుపాకీ కొంటేనే కదా చట్టం, పౌడరుకీ ప్రైమర్లకీ ఏముంది." అమెరికా ఫెడరల్ చట్టంలో తూటా అన్న మాట కిందికే ఖాళీ కేసు, ప్రైమరు, బుల్లెట్, పౌడరు నాలుగూ వస్తాయి. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఆ చట్టం కింద నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండడం లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. శిక్ష 15 ఏళ్ల దాకా పడొచ్చు, వలస హోదా కూడా పోవచ్చు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఈ నిషేధం వర్తించదు. భారతదేశంలోనైతే 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడమే నేరం. అమెరికాలో మీ స్టేటస్ మీద ఏమాత్రం సందేహం ఉన్నా, గదికి కొలతలు తీసుకోకముందే, ఖాళీ కేసు ఒక్కటైనా ఇంటికి తేకముందే ఇమిగ్రేషన్ లాయరును అడగండి.