చివరి సున్నాకు టీకా తాత్పర్యం

మూలం: ఉ 45° 17.460, ప 122° 24.800.

అవతారిక. అమెరికాలోని ఆరెగన్ రాష్ట్రంలో, బీవర్‌క్రీక్ దగ్గర, 2000 మే 3న డేవ్ ఉల్మర్ సగం పాతిపెట్టిన నల్ల బకెట్టు చిరునామా ఇది. ఒకరు దాచి చోటును అంకెల్లో చెబితే, మరొకరు జీపీఎస్‌తో వెదికే జియోకాషింగ్ అనే దాగుడుమూతలకు ఆదికావ్యం. బకెట్టులో బీన్స్ డబ్బా కూడా ఉండేది. కావ్యవస్తువు మీద వ్యాఖ్యాతకు పేచీ లేదు. అంతకు ముందు రోజే అమెరికా ప్రభుత్వం పౌరుల జీపీఎస్ సంకేతంలో కావాలని కలుపుతున్న కల్తీని ఆపేసింది. కల్తీ ఉన్నన్నాళ్లూ 100 మీటర్ల దాకా తేడా వచ్చేది. అప్పుడు బకెట్టు దాచి ఉంటే దొరికేది భగవంతుడికే. కల్తీ పోయింది కనక చెప్పిన చోటే ఉంటుందని నమ్మేవారి కోసం ఈ టీకా.

45, 17 సులభం కనక వదిలేస్తున్నాం. కష్టమంతా 17.460 చివరి సున్నాలో ఉంది. దాన్ని పాదపూరణమనుకోరాదు. ఆ స్థానం విలువ అక్షాంశంలో 1.85 మీటర్లు, రేఖాంశంలో, ఆ ఊరి దగ్గర, 1.3 మీటర్లు. అంటే కవి ఒక డబుల్ కాట్ పట్టేంత జాగా చూపిస్తున్నాడు. వెదికేవాడి చేతిలోని జీపీఎస్ యంత్రమో? అది 20,200 కిలోమీటర్ల ఎత్తునున్న ఉపగ్రహాల నుంచి సంకేతం ఎంతసేపట్లో వచ్చిందో లెక్కగట్టి చోటు చెబుతుంది. ఆ లెక్కలో 10 నానోసెకన్లు పొరబడితే 3 మీటర్లు పోయినట్టే. అన్నీ కలిసి 5 మీటర్లు తప్పడం మామూలే, చెట్ల కింద ఇంకా ఎక్కువ. దాచినవాడిది 5, వెదికేవాడిది 5. రెండు తప్పులూ ఒకే దిక్కుకు పోవాలని లేదు కనక కలిపితే 10 కాక, సుమారు 7 అవుతుంది. 7 మీటర్ల వ్యాసార్ధంతో గీసిన వలయంలో ఇందాకటి మంచాలంత జాగాలు 60కి పైగా ఉన్నాయి. కాబట్టి మూలంలో లేకపోయినా 'సుమారుగా' అని అధ్యాహారం చేసుకోక తప్పదు.

యంత్రం తెర మీద తప్పు 3 మీటర్లేనని స్పష్టంగా ఉంది కదా అని ఒక శంక. అది యంత్రం తనకు తానే రాసుకున్న యోగ్యతాపత్రం. బండకు తగిలి చుట్టు తిరిగొచ్చిన సంకేతాన్ని అది చాలాసార్లు పోల్చుకోలేదు. ఖరీదైన యంత్రం కొంటే? దాచినవాడు పొరబడిన చోటికే మరింత ధీమాగా తీసుకెళ్తుంది. దాచేవాడే అక్కడ నిలబడి, పదేపదే కొలిచి సగటు తీస్తే? ఇది గట్టి ఆక్షేపణే. సగటుతో అంకెల ఊగిసలాట తగ్గుతుంది. అయితే బండ తెచ్చిన తప్పు కాసేపటి దాకా ఒకే వైపు లాగుతుంది, సగటులో కరగదు. ఉపగ్రహాలు చోటు మారాక మరో పూట వచ్చి కొలిస్తేనే ఫలం. అలాగైతే సున్నానే కొట్టేద్దామనే ఉగ్రవ్యాఖ్యాతలూ ఉంటారు. తొందరపడరాదు. దశాంశం తర్వాత రెండు స్థానాలతో ఆగితే అక్షాంశంలో ఒక్కో మెట్టు 18.5 మీటర్లు, అంకె కుదించినందుకే 9 మీటర్ల దాకా కొత్త తప్పు చేరుతుంది. చోటును ఖాయం చేయడం సున్నా పని కాదు. రాతలో తప్పు పెరగకుండా కాపలా కాయడం వరకే.

తాత్పర్యం. 10 మీటర్ల లోపుకి వచ్చాక తెర మీద దారి చూపే బాణం మాట వినరాదు. దిక్సూచి లేని యంత్రం నడకను బట్టే దిక్కు పడుతుంది; నిలబడ్డారా, దానికి దిక్కు తోచదు. దాని వెంటబడి ఒకే చెట్టుకు ప్రదక్షిణలు చేసేవారి భక్తి మెచ్చదగిందే కానీ బకెట్టు దొరకదు. కాస్త వెనక్కి వెళ్లి, రెండు మూడు వైపుల నుంచి నడిచొచ్చి, బాణం చూపిన దారులు ఎక్కడ కలుస్తున్నాయో గుర్తుపెట్టుకుని, యంత్రాన్ని జేబులో వేసి, మొద్దుల కిందా, ఎవరో పేర్చినట్టున్న పుల్లల కిందా చూడాలి. అడవి పుల్లలు వాటంతటవే అంత పద్ధతిగా పడవు.