మా రోజుల్లో కొండకెళ్తే

కార్తీకం వెళ్లి మార్గశిరం వచ్చిందంటే విజయనగరం కుర్రకారు కాలు ఒకచోట నిలవదు. తెల్లవారుజామున మూడింటికే కార్లు, మోటారు సైకిళ్లు ఎస్.కోట మీదుగా అనంతగిరి ఘాట్ రోడ్డు ఎక్కేస్తాయి. ఎనిమిదింటికల్లా అరకు వలిసె చేలల్లో ఫొటోలు, ఆ తర్వాత బొంగు చికెను, మధ్యాహ్నం తిరిగేసరికి తిరుగు ప్రయాణం. సాయంత్రం ఇంటికొచ్చిన మనవణ్ణి "ఏం చూసేవురా?" అని అడిగితే ఫోను నా చేతికిచ్చాడు. రెండొందల ఫొటోలున్నాయి. అన్నింట్లోనూ వాడూ, వాడి స్నేహితులూ. వెనకాల పసుపు రంగు. "దారిలో ఇంకేం పూలున్నాయి?" అన్నాను. "ఇంకేం లేవు తాతా" అన్నాడు.

ఆ మాటకే నాకు కడుపు రగిలింది. ఇంకేం లేకపోవడం ఏమిటి! మార్గశిరంలో ఆ ఘాట్ పొడుగునా పూలే.

నేను కాలేజీలో చదివేటప్పుడు, అంటే 1980 దాటిన కొత్తలో, మేం మొదటి బస్సుకి కోట చేరి అక్కడ కిరండోల్ పాసింజరు ఎక్కేవాళ్లం. కేరేజీల్లో పులిహోర, దిబ్బరొట్టి, గుడ్డసంచిలో జాంపళ్లు. కొత్తవలస నుంచి కిరండోల్ దాకా ఉన్న ఆ లైను బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దించి జపాన్‌కి పంపడానికి 1960ల్లో వేసింది. మొత్తం 58 సొరంగాలు. బొడ్డవర దాటి శివలింగపురం వచ్చేసరికి బండి ఆయాసపడుతూ కొండెక్కడం మొదలుపెట్టేది. ఆ నిదానమే మాకు వరం. తలుపు దగ్గర కూర్చుంటే తంగేడు పూలు చేతికి అందేంత దగ్గరగా జరిగిపోయేవి. ఒక సొరంగం దాటితే తడి ఆకుల వాసన, ఇంకో సొరంగం దాటితే ఏదో అడవి పూల వాసన. 2017లో ఆ లైను మీద అద్దాల పెట్టె వేశారు. కొండ నాలుగు వైపులా కనిపిస్తుంది, కాదనను. కానీ ఏసీ కోసం అన్నీ బిగించేసిన పెట్టెలో అడవి వాసన ఎక్కణ్ణుంచి వస్తుంది? వాసన లేకుండా పూలు చూసి రావడం నా మనసుకి పట్టదు.

996 మీటర్ల ఎత్తున ఉన్న సిమిలిగుడ స్టేషన్లో దిగి నడక మొదలుపెట్టేవాళ్లం. మాతో ఒక బోటనీ మాస్టారు వచ్చేవారు. ఆయన షరతు ఒక్కటే: పేరు తెలియని పువ్వుని దాటి అడుగు వెయ్యకూడదు. మనకి తెలియకపోతే ఎదురొచ్చిన గిరిజనుల్ని అడగాలి, వాళ్లు చెప్పింది పుస్తకంలో రాసుకోవాలి. అలా నేర్చుకున్నవే ఇవన్నీ. గడ్డిలో కంటికి ఆనకుండా పూసే నీలిచుక్క విష్ణుక్రాంతం. పొద పక్కన ఊదారంగులో విచ్చుకునేవి మన ఆడవాళ్లు జడలో పెట్టుకునే డిసెంబరాలు, పెరట్లో పెంచేవి కాదు, అడవివి. పసుపు రంగులో ముళ్ల మధ్య పూసేది ముళ్లగోరింట. వానాకాలం పోతూపోతూ కంచె మీద వదిలేసిన ఎర్రటి పువ్వు నాభి, దాని దుంప విషం కాబట్టి ముట్టుకోకూడదు. ఇలా ఆగి ఆగి నడిస్తే అరకు చేరేసరికి మధ్యాహ్నం దాటేది. ఆ ఆలస్యానికి మాలో ఒక్కరూ విసుక్కున్న గుర్తు లేదు.

సామర్లకోటలో ఉండి మొక్కల మీద పని చేసిన రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండు దొర గురించి కూడా మాస్టారే చెప్పారు. 1795 నుంచి అచ్చైన అతని కోరమాండల్ మొక్కల పుస్తకంలో మూడొందల బొమ్మలున్నాయి, మొక్కల తెలుగు పేర్లూ ఉన్నాయి. సముద్రాలు దాటొచ్చినవాడు మనవాళ్లని అడిగి ఆ పేర్లు రాసుకున్నాడు. ఇక్కడే పుట్టినవాళ్లకి అడిగే తీరిక లేకపోతే ఎలా? ఫోను చూపిస్తే పేరు అదే చెబుతుందంటారు. చెబుతుంది, లాటిన్లో చెబుతుంది. ఏ ఊరివాళ్లు దాన్ని ఏ రోగానికి వాడతారో, ఏ పండక్కి కోస్తారో అది చెప్పదు. ఆ సంగతులు తెలిసిన ముసలమ్మ గట్టు మీదే కూర్చుని ఉంటుంది. మన పిల్లలు ఆమె పక్కనుంచే నడిచిపోతున్నారు.

ఇక వలిసె సంగతి. అది దానంతటదే పూసే అడవి పువ్వు కాదు, పంట. అందరూ మర్చిపోయేది ఈ ముక్కే. ఒకసారి మాస్టారు గట్టు మీదికి వంగిన ఒక పువ్వు మీద భూతద్దం పెట్టి మమ్మల్ని వరసగా చూడమన్నారు. చుట్టూ ఎనిమిది రేకులు, ప్రతి రేకు కొసన మూడు నొక్కులు. నడుమ గుత్తంతా పువ్వులే, ఒక్కొక్కటీ విడివిడి పువ్వు. మేం చూస్తుండగానే ఒక తేనెటీగ వచ్చి వాలింది. "ఇది రాకపోతే గింజ లేదు" అన్నారాయన. వలిసె తన పుప్పొడితో తాను గింజ కట్టదు, పక్క మొక్క పుప్పొడిని ఈగ మోసుకు రావాలి. అలాంటి చేలో పది మంది దిగి అరుస్తూ గెంతుతుంటే మొక్కలు విరుగుతాయి, ఈగలు లేచిపోతాయి, నష్టం రెండు విధాలా రైతుకే. అదే చేలో బంగారు దారాల్లా అల్లుకున్న తీగ కూడా ఆయన చూపించారు. సీతమ్మ పోగునూలు. చూడ్డానికి ముచ్చటేస్తుంది, వలిసె రసం పీల్చి బతుకుతుంది. దాని గింజ విత్తనంలో కలిస్తే మరుసటేడు చేను దానిదే.

ఇథియోపియాలో పుట్టిన ఈ పంట మన కొండల్లో ఆగస్టులో చల్లి వదిలేస్తారు. నీరు పెట్టరు, ఎరువూ పెద్దగా వెయ్యరు. ఎకరాకి రెండు క్వింటాళ్లు దాటితే గొప్ప. ఆ నల్ల గింజల్ని ఆడించి నూనె తీస్తారు. కొంత సముద్రాలు దాటి అమెరికాలో పెరటి పిట్టలకి మేతగా పోతుంది. ఆ రెండు క్వింటాళ్ల మీదే ఒక ఇంటి బతుకు.

పోయినేడు వెళ్లాను. ఒక రైతు చేనుకి తాడు కట్టి, లోపలికి సన్నటి బాట వదిలి, మనిషికింత అని తీసుకుంటున్నాడు. మైదానం నుంచి వచ్చిన ఒక గుంపు అతనితో తగువుకి దిగింది, పూలు చూడ్డానికి కూడా డబ్బులా అని. ఆ ఇంటామె చేతులు జోడించి "బాబూ, సేలోకి దిగకండి, గింజ రాలిపోతాది" అంటోంది. నాకు ఒళ్లు మండి గట్టిగానే అడిగాను: మీ ఇంటి ముందు వరి చేలో ఎవడైనా దిగి పొర్లితే ఊరుకుంటారా? జవాబు లేదు. అతను తీసుకోవాల్సిందే, ఇంకాస్త ఎక్కువ తీసుకున్నా తప్పులేదు. గింజ ధర ఇవ్వనిది పువ్వయినా ఇస్తే ఆ ఇంటికి మేలే కదా.

ఒక్క విషయంలో మాత్రం ఇప్పటి రోజులే మంచివి. మా క్లాసులో చదివే ఆడపిల్లలు మాతో కొండకి రావడం ఊహకి కూడా అందేది కాదు, ఇళ్లల్లో పంపేవారు కాదు. ఇప్పుడు నలుగురు అమ్మాయిలు కలిసి స్కూటీల మీద సీతంపేట కొండలెక్కి ఆడలి నుంచి లోయ చూసొస్తున్నారు. చాలా సంతోషం. పేర్లు అడిగి రాసుకునే పని వాళ్లయినా మొదలుపెడితే ఇంకా సంతోషం.

ఇంకో సంగతి. పూలంటే డిసెంబరు, డిసెంబరంటే వలిసె, ఇంతకు మించి ఎవరికీ పట్టడం లేదు. మాఘ ఫాల్గుణాల్లో సాలూరు దాటి ఒడిశా వైపు ఎక్కే ఘాట్లో ఆకు రాలిన కొమ్మల మీద మోదుగ, బూరుగ ఎర్రగా పూస్తాయి. కొండగోగు ఒంటి మీద ఒక్క ఆకు లేకుండా పసుపుపచ్చటి పువ్వుతో నిలబడుతుంది. తర్వాత ఇప్ప రాలుతుంది, ఎండలు ముదిరాక రేల విరగబూస్తుంది. టిక్కెట్టు లేదు, తగువు లేదు. ఆ రోజుల్లో అక్కడ కారు ఆపి దిగేవాడు ఒక్కడూ కనపడడు.

ఈ ఏడు వలిసెకి వెళ్లేవాళ్లకి నా మాట ఇది. స్పీకర్లు ఇంట్లో వదిలెయ్యండి. ప్లాస్టిక్ పళ్లేలకి బదులు అక్కడే అడ్డాకు విస్తళ్లు కొనుక్కోండి. గట్టు మీద నిలబడి చూడండి. దిగాలనిపిస్తే రైతుని అడిగి, ఆయన చెప్పినంత చేతిలో పెట్టి, ఆయన చూపించిన బాటలోనే నడవండి. వెళ్లేదేదో నవంబరు చివర్లోనో డిసెంబరు మొదట్లోనో వెళ్లండి. నెలాఖరుకి కోతలు మొదలైపోతాయి.