ఈమాక్స్ బావమరిది

గోడకు మేకు కొట్టమంటే ముందు సుత్తి తయారుచేయడానికి కూర్చునేవాడు ప్రతి ఇంట్లోనూ ఒకడుంటాడు. మా ఇంట్లో ఆ స్థానం మా చిన్న బావమరిదిది. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కరోనా రోజుల్లో ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని ఎర్రుపాలెం వచ్చాడు. ఆఫీసు వాళ్ళు మళ్ళీ రమ్మనలేదు, వీడూ వెళ్తానని అడగలేదు.

మా మామగారిది ఎరువులు, పురుగుమందుల కొట్టు. మా వైపు మిర్చి, పత్తి, సాగర్ ఎడమ కాలువ దయతలిస్తే వరి. రైతు తొలకరికి విత్తనాలు పట్టుకెళ్తాడు, సీజనంతా మందులు పట్టుకెళ్తాడు, ఖమ్మం యార్డులో తేజ మిర్చి అమ్ముడుపోయాక లెక్క తేలుస్తాడు. ఈ రెండింటి మధ్యా కొట్టుని నిలబెట్టేది ఎర్ర అట్ట ఖాతా పుస్తకం, దాన్ని రాసే గుమాస్తా గారి జ్ఞాపకశక్తి.

"ఒరేయ్, ఇంట్లో ఖాళీగానే ఉంటున్నావుగా, ఈ లెక్కలు కంప్యూటర్లో ఎక్కించు" అన్నారు మామగారు ఒక పూట. ఇంకెవరైనా అయితే ఎక్సెల్లో నాలుగు గళ్ళు గీసి భోజనానికి లేచేవారు. "ఎక్సెల్లోనా?" అన్నాడు మావాడు. ఆ ఒక్క మాటలో పలికిన జాలి చూస్తే, ఎక్సెల్ వాడే మనందరికీ ఏదో తగ్గని జబ్బు ఉన్నట్టే అనిపించింది.

వాడి దైవం ఈమాక్స్. పైకి చూస్తే అక్షరాలు కొట్టుకునే ఎడిటర్. లోపల లిస్ప్ అనే భాష కూర్చుని ఉంటుంది. ఏ మీట ఏ పని చేయాలో ఆ భాషలో రాసుకుంటే ఎడిటర్ అలాగే మారిపోతుంది, అదీ నడుస్తుండగానే. అందులో ఉత్తరాలు చదవొచ్చు, లెక్కలు కట్టొచ్చు, టెట్రిస్ ఆడొచ్చు. మన గోడు చెప్పుకుంటే ఎదురు ప్రశ్నలు వేసే సైకోథెరపిస్టు కూడా ఉన్నాడు. ఇదంతా వివరించి మామగారి ముఖంలోకి ఆశగా చూశాడు. "యూరియా స్టాకు చూపిస్తుందా?" అన్నారాయన.

చూపించేలా చేశాడు. కాకపోతే ఆ రకం మనుషులు తమకు నచ్చిందే అందరికీ పెడతారు. వాడికి మెనూలు అంటే మంట, పక్కన జరిగే పట్టీ అంటే చిరాకు, మౌసు ముట్టుకుంటే మైల. అన్నీ పీకేశాడు. మిగిలింది నల్లటి తెర, మెరిసే గీత ఒకటి. గుమాస్తా గారు దాని ముందు కూర్చుని కళ్ళజోడు తుడుచుకున్నారు. తర్వాత తెర కూడా తుడిచారు.

చదువుల రోజుల్లో మధిరలో టైపు నేర్చుకున్న మనిషి, కంప్యూటరు కొత్త కాదు. తప్పు పడితే కంట్రోల్ జెడ్ అని తెలుసు. కొట్టారు. కిటికీ మొత్తం కిందికి దిగి మాయమైంది. ఈమాక్స్‌లో ఆ మీటకు అదే అర్థం. నకలు తీద్దామని కంట్రోల్ సి కొట్టారు. తర్వాతి మీట కోసం అది అలాగే ఎదురుచూస్తూ ఉండిపోయింది. "మెటా ఎక్స్ నొక్కండి" అన్నాడు మావాడు లోపలి గదిలోంచి. ఆయన కీబోర్డు ఈ కొస నుంచి ఆ కొసకు వెతికారు. మెటా లేదు. "ఆల్ట్ అని రాసుంటుంది చూడండి, అదే మెటా." "మరి ఆల్ట్ అనొచ్చుగా బాబూ?" మెటా అనే మీట ఉన్న కీబోర్డులు ఎప్పుడో పాతకాలపు యంత్రాలకు ఉండేవట. అవి పోయినా పేరు మాత్రం మార్చరట. ఇందులో మావాడికి తప్పేమీ కనిపించదు.

ఎటూ తోచకపోతే కంట్రోల్ జి కొట్టమన్నాడు. మొదలుపెట్టిన పని మానేసి మామూలుగా నిలబడుతుంది. గుమాస్తా గారికి మొత్తం విద్యలో ఇదొక్కటే నచ్చింది. అప్పటి నుంచి ప్రింటరు మొరాయించినా కంట్రోల్ జి, బాకీ రైతు పెద్ద గొంతు చేసినా కంట్రోల్ జి.

వీటన్నిటికన్నా భరించలేనిది మావాడి ఉపన్యాసం. యూరియా బస్తాకి వచ్చిన రైతుని నిలబెట్టి చెప్తాడు: 1976లో అమెరికాలో ఎమ్‌ఐటీలో పుట్టిందండీ, 1985లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ఈమాక్స్‌ని లోకానికి వదిలాడండీ. అమెజాన్ తొలి రోజుల్లో ఖాతాదారుల ఉత్తరాలకు జవాబులిచ్చే మెయిల్‌మాన్ అనే పనిముట్టు ఉండేదట. అసలు యంత్రాంగం మొదటి ఉద్యోగి షెల్ కఫాన్ సి భాషలో రాస్తే, పైతొడుగు ఈమాక్స్ లిస్ప్‌లో వేశారట. దాన్ని వాడినవాళ్ళు ప్రోగ్రామర్లు కారు. తర్వాత జావాలో కొత్తది వచ్చాక కూడా పాతదే బాగుందని ఏళ్ళ తరబడి వాపోయారని అక్కడ పనిచేసిన స్టీవ్ యెగ్గీ రాశాడు. రైతు అంతా విని, "నలభై అయిదు కేజీల బస్తా 266 రూపాయల యాభై పైసలేగా, ఆ అర్ధరూపాయి ఎలా ఇస్తారు?" అంటాడు.

వాడి మీద నాకున్న కోపానికి అడ్డం వచ్చేది ఒకటే: ఆ దిక్కుమాలినది పనిచేస్తుంది. ఇంగ్లిషు కీబోర్డు మీద పలికినట్టు కొడితే తెలుగు పడే పద్ధతి ఈమాక్స్‌లోనే ఉంది. రైతు పేరులో మొదటి రెండక్షరాలు కొడితే మిగతాది అదే అందిస్తుంది. ఒకే పేరున్నవాళ్ళు నలుగురుంటే ఊరు, తండ్రి పేరు పక్కన చూపిస్తుంది. ఒక మీటకు బిల్లు, ఒక మీటకు బాకీ. మౌసు కోసం చెయ్యి ఎత్తే పని లేదు కాబట్టి గుమాస్తా గారి చూపు రైతు మీదే ఉంటుంది. మిర్చి రోజుల్లో ఒక సాయంత్రం బిల్లు మధ్యలో కరెంటు పోయింది. మూడు వందల మీటలకోసారి, లేదా ముప్ఫై సెకన్లు చెయ్యి ఆగితే, ఈమాక్స్ తనంతట తనే పక్కన ఒక ప్రతి రాసిపెట్టుకుంటుంది. కరెంటు వచ్చాక ఆయన దాన్ని బయటికి తీసి, ఆగిన వరస నుంచే మళ్ళీ కొట్టుకుపోయారు. మామగారు ఆ పూట కొడుకుని "ఒరేయ్" అనకుండా పేరు పెట్టి పిలిచారు.

అసలు కథ తర్వాత మొదలైంది. 1978 ప్రాంతంలో బెర్నార్డ్ గ్రీన్‌బర్గ్ మల్టిక్స్ అనే వ్యవస్థకు రాసిన ఈమాక్స్‌ని ఆఫీసు సెక్రటరీలు తమకు కావలసినట్టు మార్చుకున్నారనీ, చేస్తున్నది ప్రోగ్రామింగ్ అని ఎవరూ చెప్పకపోవడంతో బెదరలేదనీ స్టాల్‌మన్ ఒక ప్రసంగంలో చెప్పాడు. మావాడు ఈ కథ మా అందరికీ వందసార్లు చెప్పాడు గానీ, తన కొట్టులో జరుగుతుందని అనుకోలేదు. గుమాస్తా గారు వాడు రాసిన ఫైలు తెరిచి, బాకీ చూపించే ముక్కని నకలు తీసి, పేరు మార్చి, ఎన్ని బ్రాకెట్లు తెరుచుకున్నాయో అన్నీ మూసి, మిర్చి యార్డుకి పంపినా ఇంకా డబ్బు కట్టనివాళ్ళ జాబితా తెప్పించారు. "ఇందులో ఏముంది బాబూ, జమాఖర్చులో తెరిచిన ఖాతా మూయడమేగా" అన్నారు.

మావాడు పొంగిపోయాడు, ఆ ఫైలు కిందికి జరిపి చూసేదాకా. అక్కడ గుమాస్తా గారు తన కోసం ఇంకొన్ని వరసలు చేర్చుకున్నారు. తెర తెల్లగా మారింది. అక్షరాలు పెద్దవయ్యాయి. పీకేసిన మెనూ తిరిగి పైన కూర్చుంది. "బావా, మెనూ పెట్టుకున్నారు బావా" అని నా దగ్గరికొచ్చి చెప్పినప్పుడు వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎవరికి వాళ్ళు మార్చుకోవచ్చని ఇన్నేళ్ళూ చాటినవాడు, నిజంగా ఒకరు మార్చుకుంటే తట్టుకోలేకపోయాడు. నేనూ ఓదార్చే స్థితిలో లేను. నా ల్యాప్‌టాప్‌లో వాడు పెట్టిపోయిన ఈమాక్స్‌కి రంగులు దిద్దుకుంటూ, రాయాల్సిన వ్యాసం పక్కన పడేసి కూర్చున్నాను.

ఇప్పుడు 30వ వెర్షన్ నుంచి ఆండ్రాయిడ్ ఫోన్లోనూ ఈమాక్స్ వచ్చింది. కొట్టు ఫోన్లో వేస్తానని మావాడు తిరుగుతున్నాడు, మామగారు ఫోన్ చొక్కా జేబులోంచి తీయడం లేదు. ఈలోగా పక్క బజారు విత్తనాల కొట్టాయన వచ్చి తమకూ అలాంటిది కావాలన్నాడు. మావాడు చొక్కా వేసుకుని, 1976 నుంచి మొదలుపెట్టడానికి గొంతు సవరించుకున్నాడు. గుమాస్తా గారు చెప్పులు తొడుక్కుంటూ వెనక్కి తిరిగారు.

"చినబాబు గారూ, మీరు ఇంట్లోనే ఉండండి. నేను వెళ్ళి పెట్టించి వస్తా. మీరొచ్చి చెప్పారంటే ఆయన తీసుకోడు."